రెండో జట్టు చిన్నాన్న

మలయాలోని మా రబ్బరు తోటలో కుర్రాళ్ళ రెండో ఫుట్‌బాల్ జట్టుకు ఆట నేర్పింది మా చిన్నాన్నే. మ్యాచ్‌లో అందరూ బంతిని చూస్తుంటే ఆయన కుర్రాళ్ళ కాళ్ళు చూసేవాడు. మేం ఎవణ్ణి మెచ్చుకున్నా, "ఇంకో ఏడాది ఆగాల" అనేవాడు.

అడవిలోని కమ్యూనిస్టులతో తెల్లవాళ్ళ సర్కారు పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజుల్లో, ఆ జట్టులో అందరికంటే బాగా ఆడే కుర్రాణ్ణి మా తోట దొర సుంగై పెటాని వైపు ఇంకో తోటకు ఇచ్చేసి, బదులుగా వాళ్ళ గోల్‌కీపర్ని తెచ్చుకున్నాడు. చిన్నాన్న దొర ఆఫీసులో లెక్కలు రాసే మా తెలుగు కిరాణీ దగ్గరికి పరుగెత్తాడు.

"ఆడి కాళ్ళింకా ముదర్నేదు బాబూ. పెద్దోళ్ళతో ఆడితే ఇరిగిపోతాడు."

"దొర మాటిచ్చీసినాడు. నానేటి సెయ్యగలను?"

ఆ ఏడే కుర్రాడు మోకాలు చితికి తిరిగొచ్చాడు. అప్పటికే, మేం అడవిలోవాళ్ళకు తిండి అందించకుండా సర్కారువాళ్ళు ఆట మైదానం చుట్టూ ముళ్ళకంచె వేసి, మా ఇళ్ళన్నీ పీకి అందులోకి మార్చారు. చిన్నాన్న వాణ్ణి తన గదిలోనే ఉంచుకుని రోజూ కాలికి నూనె రాసేవాడు. ఆ మోకాలు మళ్ళీ వంగలేదు.

మెర్డేకా వచ్చి మలయా స్వతంత్రమయ్యాక ఇపో పట్నం నుంచి ఒక తెలుగాయన ఆటగాళ్ళను వెతుక్కుంటూ మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఇప్పుడు మన దేశానికి ఆడాల. మీ కాడ ఎవులున్నారు?"

"ఉన్నోణ్ణి మార్చుకున్నారు. తరవాతోళ్ళకి ఆడే సోటే నేదు" అన్నాడు చిన్నాన్న.

లోపల చాప మీదున్న కుర్రాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.