స్ప్రింగు సడలిన పెట్టె దగ్గర బ్లూస్ నేర్చుకున్నాను

1938. గిద్దలూరులో పెళ్ళిళ్ళకూ నాటకాలకూ మాండలిన్ వాయించి బతుకుతున్న రోజులు. నా వేళ్ళ వేగం చూసి గుంటూరు రైలే సిగ్గుపడి ఆలస్యంగా వచ్చేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు.

రైలింజను డ్రైవరు ఫ్రాంక్ దొర తన కూతురు రోజీ పెళ్ళికి నన్ను పిలిచాడు. ఆ పిల్లకు ఒక అమెరికా గ్రామఫోను ప్లేటంటే ప్రాణం. అందులో ఉన్నది బ్లూస్, అంటే అక్కడి నల్లజాతి కూలీలు కష్టం చెప్పుకుంటూ పాడుకునే పాట. అందులో మాటిమాటికీ వచ్చే చిన్న స్వరాల ముక్కను లిక్ అంటారు.

"గ్రామఫోను ముసలిదైపోయింది మాస్టర్, పెళ్ళినాటికి నమ్మలేం. పది రోజుల్లో ఆ పాట నువ్వు నేర్చుకో. రాకపోతే నంద్యాల బ్యాండును పిలుస్తా" అన్నాడు దొర.

నంద్యాల బ్యాండా? నా ఊళ్ళోనా? గ్రామఫోనును అప్పుడే నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

మాండలిన్ తీగలు జంటలుగా ఉంటాయి. బ్లూస్‌లో స్వరాన్ని సాగదీయాలంటే జంటనంతా ఒక్క వేలితో పక్కకు నెట్టాలి. దాన్ని బెండ్ అంటారు. వేళ్ళు కోసుకుపోయాయి. అయినా తొమ్మిదో రోజుకు లిక్కులన్నీ పట్టేశాను. పాట చివర స్వరం బావిలోకి దిగినట్టు మెల్లగా జారేది. దాన్నీ వదల్లేదు.

పెళ్ళి ముందురోజు పొద్దున రోజీకీ దొరకూ వినిపించాను. చివరికొచ్చేసరికి ఆ పిల్ల నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

"మాస్టరూ, ఆ జారుడేంది?"

"పాటకు అందం అదేగదమ్మా!"

"అది పాటలో లేదు! పెట్టెలో స్ప్రింగు సడలితే గొంతు అట్ల దిగిపోతాది!"

దొర నవ్వలేదు. "బ్యాండును రమ్మని నంద్యాలకు తంతి కొడతా" అన్నాడు.

"సాయంత్రం దాకా ఆగు దొరా" అని ఇంటికి పరుగెత్తాను.

సంగతి విని మా ఆవిడ మరియమ్మ కొంగు బిగించింది. "ఊరికే కూసోని మూలుగుతావేంది? నేను పెట్టె పిడి తిప్పుతానే ఉంటా, నువ్వు ఇను!" తిరగలి తిప్పిన చెయ్యి! స్ప్రింగుకు సడలే ధైర్యం లేకపోయింది. అసలు పాట చివర స్వరం జారదు, ఎగిరి టక్కున ఆగుతుంది. సాయంత్రం అట్లాగే వాయించాను. దొర శభాషంటూ నా భుజం మీద కొట్టిన దెబ్బ ఇప్పటికీ నొప్పే.

పెళ్ళిలో మూడుసార్లు వాయించమన్నారు. మూడోసారి అయ్యాక రోజీ అరిచింది: "మాస్టరూ, ఇప్పుడు జారే పాట!"

వాయించాను. స్వరం దిగేకొద్దీ నాట్యమాడేవాళ్ళంతా మెల్లమెల్లగా వంగి నేల మీద కూలబడ్డారు. దొరకూ అల్లుడికీ నవ్వుతో కళ్ళనీళ్ళు. స్టేషన్లో నిలబడ్డ గూడ్సు బండి కూడా ఒక అడుగు కుంగిందని కొందరన్నారు.

మాండలిన్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు అప్పటినుంచీ ఒకటే చెబుతున్నాను: ముందు పెట్టె బాగుందో లేదో చూసుకోండి. చూసుకోకపోతే, తప్పునైనా శ్రుతి తప్పకుండా నేర్చుకోండి.