పేరు చెప్పిన ప్లేటు

బందరులో ప్లేట్ల కొట్టు బాబాయిగారు పోయారు. గుడివాడ నుంచి రైల్లో వచ్చిన ఒకాయన కొట్టు మూసి ఉండటం చూసి, వాకబు చేసుకుంటూ పక్క వీధిలోని మా ఇంటికొచ్చి, "ఏమండీ, ఊరెళ్లారా?" అని అడిగితే నేనే చెప్పాల్సి వచ్చింది. అప్పటికి నాలుగు రోజులైంది. నా నోటితో అన్నాకే నాకూ నిజమనిపించింది.

ఆయన మాకు చుట్టం కారు. గ్రామఫోను ప్లేట్లు అమ్మేవారు, అంతే. "వినకుండా కొన్న ప్లేటూ, చూడకుండా చేసుకున్న పెళ్లీ ఒకటే" అంటూ వచ్చినవాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి రెండువైపులా వినిపించేవారు. పామర్రు రైతు ఒకాయనతో, "రెండోవైపు బాగాలేదండీ. ఒక్క పాటకోసం ప్లేటెందుకు? బందరొచ్చినప్పుడల్లా ఇక్కడే విని వెళ్లండి" అనడం చెవులారా విన్నాను. ఇక కొట్టు బాగుపడినట్టేనని ఆయన భార్య పిన్నిగారు నెత్తి కొట్టుకునేవారు.

మా అక్క మద్రాసు వెళ్లి, గ్రామఫోను కంపెనీకి పాడి ఒకే ఒక్క ప్లేటు ఇచ్చింది. పాతకాలం ప్లేట్లలో పాడినవాళ్లు చివర తమ పేరు చెప్పుకునేవారు. ఆ అలవాటు ఎప్పుడో పోయింది. మా ఇంట్లో ఉన్నవన్నీ పాతవే కావడంతో, అదే పద్ధతి కాబోలనుకుని అక్క పాట ముగియగానే తన పేరూ, 'బందరు' అని ఊరి పేరూ చెప్పేసింది. కంపెనీవాళ్లు అలాగే ఉంచేశారు. ఊరంతా నవ్వింది. ఆ ఏడే అక్క జ్వరంతో పోయింది.

తరవాత యుద్ధం వచ్చింది. ప్లేట్లు చేసే లక్క దొరక్క, పాత ప్లేట్లు తెచ్చిస్తేనే కొత్తవి ఇస్తామన్నారు కంపెనీవాళ్లు. పాతవాటిని విరగ్గొట్టి కరిగిస్తారట. నాన్న ఇంట్లో ఉన్నవన్నీ మూటకట్టి కొట్టుకు పంపేశారు. అందులో అక్క ప్లేటూ వెళ్లింది. "పోయిన పిల్ల ఇంట్లో పాడకూడదు" అన్నారు, నా మొహం చూడకుండా.

నేను పరుగెత్తుకెళ్లేసరికి బాబాయిగారు ఆ ప్లేటును విడిగా తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏదీ వినకుండా విరగ్గొట్టనమ్మా. ఇది చివర్న పేరు చెప్పింది. పేరు చెప్పిన మనిషిని ఎట్లా విరగ్గొడతాను?"

ఇంటికి తీసుకెళ్లే దారి లేదు. ప్లేటు కొట్లోనే ఉండిపోయింది. నెలకొకసారి, మంగళవారం మధ్యాహ్నం నాకోసం పెట్టేవారు. ఉక్కు సూది గీకేస్తుందని తుమ్మముల్లు చెక్కి బిగించేవారు. పాట అవుతున్నంతసేపూ వీధివైపు తిరిగి కూర్చునేవారు. నేను ఏడిస్తే చూడకూడదని.

రానురాను ప్లేటులో గరగర ఎక్కువైంది. అక్క గొంతు చినుకుల వెనక నుంచి వస్తున్నట్టుండేది. నెలకొక్కసారికే ఇంత అరుగుతుందా అంటే, "మిషను ముసలిదైందమ్మా, నాలాగే" అనేవారు. నమ్మాను.

మొన్న పిన్నిగారిని పలకరించడానికి వెళ్లాను. ప్లేటు మాట నేనెత్తకముందే ఆవిడే ఎత్తారు.

"నీకు నెలకొకసారే పెట్టేవారు కదమ్మా. మీ నాన్నగారికి మాత్రం ప్రతి శుక్రవారం. అరిగిపోతుందండీ అని మావారు చెప్పి చూశారు. మీ నాన్నగారు అలా నిలబడే ఉంటే కాదనలేకపోయేవారు."

నాకు ముందు కోపమే వచ్చింది. ఇన్నేళ్లూ ఒకే బల్ల మీద, ఒకరి తరవాత ఒకరం కూర్చున్నాం. బాబాయిగారు ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు.

"మీరిద్దరూ కలిసి వస్తేనే ప్లేటు ఇమ్మన్నారమ్మా" అన్నారు పిన్నిగారు.

మీ ఊళ్లో ఇలాంటి కొట్టు ఒకటుంటే వెళ్లి కూర్చోండి. ఇంట్లో వినలేనివి వినడానికి మనిషికి ఒక చోటు కావాలి. ఇది ఆయన పోయాక గాని నాకు తెలియలేదు.

నిన్న శుక్రవారం. నాన్న గొడుగు తీసుకుని బయల్దేరితే వెనకే వెళ్లాను. మూసిన కొట్టు ముందు ఆగారు. నేను వచ్చి పక్కన నిలబడినా ఆశ్చర్యపోలేదు.

"ఇవాళ తియ్యలేదే?" అన్నారు. బాబాయిగారి శవం వెంట నడిచిన మనిషే ఆ మాట అన్నారు.

"పిన్నిగారి దగ్గరికి వెళ్దాం నాన్నా. మనిద్దరం."

నాన్న కదల్లేదు. తలుపు చెక్కకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నారు. కాసేపు చూసి, నేనూ పక్క చెక్కకు చెవి ఆనించాను.