ఎద్దు బొమ్మ చీటీ

మదనపల్లెలో అంగళ్ల బోర్డులు రాసే చెంగల్రాయుడికి పుస్తకాల పిచ్చి అని ఊరంతా అనుకునేది. ఊరికేం తెలుసు? ఆయన పిచ్చి పుస్తకాల మీద కాదు, వాటి అట్టల లోపల అంటించే బుక్‌ప్లేట్ల మీద. ‘ఈ పుస్తకం ఫలానా వారిది’ అని చెప్పే చిన్న బొమ్మచీటీలవి. అడిగినవాళ్లకు తనే బొమ్మ గీసి, లినోలియం అనే మెత్తటి షీటు ముక్క మీద చెక్కి, అచ్చు తీసి ఇచ్చేవాడు. పాతవి కనబడితే మాత్రం ప్రాణం ఆగేది కాదు. పాత పేపర్ల అంగడిలో వెతికి పుస్తకం తెచ్చేవాడు. మరిగే ఎసరు ఆవిరికి అట్ట పట్టి, జిగురు వదలగానే చీటీ ఒలిచి ఆల్బంలో పెట్టుకునేవాడు. ఉబ్బిపోయిన పుస్తకం మళ్లీ ఆ అంగడికే. ఇందులో తప్పుందని ఆయనకు ఏనాడూ తోచలేదు.

పోయిన వేసవిలో కుప్పం నుంచి ఇంద్రాణి వచ్చింది. పుంగనూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి కన్నుమూసిన రాజగోపాల్ కూతురు. ఆయన పోయాక బంధువులెవరో ఇల్లు ఖాళీ చేస్తూ పుస్తకాలన్నీ మదనపల్లె పాత పేపర్ల అంగడికి తూకానికి వేసేశారు.

“నాయన చదివిన పుస్తకం ఒక్కటన్నా కావాలప్పా. మీకు దొరికిందని అంగడాయన చెప్పినాడు.”

చెంగల్రాయుడి ముఖం వెలిగిపోయింది. గబగబా ఆల్బం తెరిచాడు. పొట్టి పుంగనూరు ఎద్దు, మూపురం మీద తెరిచిన పుస్తకం, కింద రాజగోపాల్ పేరు. కుర్రతనంలో తను చెక్కిన మొదటి చీటీ అది. దొరికిన రోజు పండగ చేసుకున్నాడు.

“సూడమ్మా, అంచు కూడా చినగలేదు!”

ఇంద్రాణి ఎద్దును వేలితో నిమిరింది. కళ్లు నిండాయి.

“పుస్తకం యాడ ఉండాదప్పా?”

ఆయన మెల్లగా ఆల్బం మూశాడు. “అంగడికే ఏసేసినానమ్మా.”

ఇద్దరూ పరుగున అంగడికి వెళ్లారు. ఆ సరుకు ఎప్పుడో అట్టల ఫ్యాక్టరీకి పోయింది. పుస్తకం పేరన్నా చెప్పమని బతిమాలింది ఇంద్రాణి. చెంగల్రాయుడు ఆ పేరు చూడనే లేదు. సిగ్గుతో తల దించుకున్నాడు.

తిరిగొచ్చి, చీటీని ఆల్బం నుంచి తీసి ఆమెకు అందించాడు. “తీసకపోమ్మా. ఇది నీది.”

ఆమె చెయ్యి చాపలేదు. “తీసకపోయి యాడ అంటించేదప్పా? మీకాడే ఉండనీండి” అని కుప్పం బస్సుకు వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

తన కోసం చెక్కుకున్న చీటీలు బీరువాలో కట్టగా ఉండేవి, ‘ఈ పుస్తకం చెంగల్రాయుడిది’ అని. ఆ సాయంత్రం ఒకటి చేతిలోకి తీసుకుని ఇల్లంతా కలియజూశాడు. అంటించడానికి ఆ ఇంట్లో ఒక్క పుస్తకం లేదు.