పదకొండో పేజీ

నాలుగేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. రెండే మాటలు. రోజూ రాసే డైరీలో కూడా రాయలేదు. మీకు చెబుతున్నది క్షమించమని కాదు.

గుణుపురంలో ఇంజనీరింగు చివరి ఏడాది. శిరీషా నేనూ కలిసి కాంతికి స్విచ్ చేశాం. రెండు గాజుపలకల మధ్య ఒక చుక్క ద్రవస్ఫటికం, అదే లిక్విడ్ క్రిస్టల్. కరెంటు ఇస్తే లేజరు కాంతి ఆగిపోతుంది, తీసేస్తే దాటుతుంది. గోడ మీద ఎర్ర చుక్క ఆరి వెలుగుతుంది. స్ఫటికం ఒకే వరుసలో నిలిచేలా ఆ పలకల్ని మఖమల్ గుడ్డతో రుద్దింది నేను. చెడిపోయిన ప్రతిసారీ మళ్లీ రుద్దిందీ నేనే. నలుగురిలో నోరు విప్పడం మాత్రం నాకు రాదు. శిరీషకు వచ్చు.

పరీక్షకు బయటినుంచి వచ్చిన సారు మన శ్రీకాకుళం వైపాయనే. బాగా చేసినవాళ్లలో ఒకరిని తన ప్రయోగశాలలో శిక్షణకు తీసుకుంటానన్నారు. నేను పక్కనుండగానే శిరీష నవ్వుతూ అంది: "ఈ అమ్మి రాతకోతలు సూసుకుంది సార్. స్విచ్ నేనే సేసేను."

టీ తాగొచ్చి చూస్తానని సారు వెళ్లారు. వెనకే శిరీష. నేను గాజుపలకల్ని బల్ల మీంచి తీసి, వేడిగా కాలుతున్న పవర్ సప్లై పెట్టె మీద పెట్టాను. వాళ్ల మాటలు వినబడగానే తిరిగి బల్ల మీద బిగించాను. అంతే. వేడెక్కితే ద్రవస్ఫటికం మామూలు ద్రవమైపోతుంది, కాంతి ఇక దాటదు.

గోడ మీద చుక్క పడలేదు. శిరీష మీట నొక్కుతూనే ఉంది. సారు గడియారం చూసుకుని పక్క బల్లకు వెళ్లిపోయారు.

"ఏటయిందే అమ్మీ? పొద్దున్న బాగానే పన్జేసింది కదే."

"నాకేటి తెలుసు."

శిక్షణ ఇంకెవరికో వెళ్లింది. తనిప్పుడు తెరుబలి ఫ్యాక్టరీ ఆఫీసులో ఉత్తరాలు టైపు చేస్తోంది. ఫోన్ చేస్తే ఇప్పటికీ అంటుంది, తన చెయ్యి మంచిది కాదని. వింటూ ఊరుకుంటాను. జాలి లేదా? ఉంది. కానీ ఆ రోజు మళ్లీ వస్తే, తను మళ్లీ అలాగే నవ్వితే, నేను చేతులు కట్టుకుని నిలబడతానా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా నాలోంచి ఒకటే జవాబు వస్తోంది. నిలబడను.

పైగా నేను దాచిందేముంది? రిపోర్టు పదకొండో పేజీలో నా చేత్తోనే రాశాను: ముప్పై అయిదు డిగ్రీలు దాటితే ఈ స్విచ్ పనిచేయదు. తను చదవలేదు. సారూ చదవలేదు. రాతకోతలే కదా.

కానీ ఆ రెండు మాటలకు మాత్రం నా దగ్గర సమర్థన లేదు. వాటిని రాతతోనే దిద్దుతున్నాను.

నాకు తెలుసు, శిరీషా. అప్పుడే తెలుసు.