మొదటి షీటు మీద సంతకం

కార్తికేయన్ అన్నకు ఎరుపు కనపడదు. ఈ మాట ఇప్పుడు మా ప్రెస్సుకు టీ తెచ్చే మనిషికి కూడా తెలుసు. తెలియని రోజుల్లో మాత్రం పుదుచ్చేరి మొత్తానికి రంగుల విషయంలో ఆయనదే ఆఖరి మాట. అది బయటపడటానికి కారణం నేను. కాబట్టి ఆయన కథ చెప్పే అర్హత నాకు లేదనేవాళ్లు ఉంటారు. ఉండనివ్వండి. పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, ఇంకెవరు చెబుతారు?

ఆయనది కిరుమాంబాక్కం. ఏ తాతల కాలంలోనో వచ్చి స్థిరపడ్డ తెలుగు నాయుళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవడం రాదు. నేను సూళ్లూరుపేట నుంచి మురుంగపాక్కానికి కోడలిగా వచ్చినదాన్ని. యానాం నుంచి వచ్చే తెలుగు పనులు చదివి తప్పులు దిద్దడానికి ప్రెస్సు యజమాని, అందరూ ముదలాళి అని పిలిచే రాఘవన్ గారు నన్ను పెట్టుకున్నారు. తెలుగు పని నెలకు ఒకటో రెండో వస్తుంది. మిగతా రోజులన్నీ కౌంటరు దగ్గర నిలబడి వచ్చేపోయే వాళ్లకు సమాధానం చెప్పడమే. నాలుగేళ్లు నిలబడ్డాను. పిక్కల్లో నరాలు ఉబ్బి సాయంత్రానికి కాళ్లు పీకేవి. కార్తికేయన్ అన్న మాత్రం లోపల ఏసీ గదిలో, చక్రాల కుర్చీలో కూర్చునేవాడు. ఆ కుర్చీని చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది. దాచుకోవడం ఎందుకు?

ఆయన చేసే పని ఏమిటంటే, జనం తెచ్చిన డిజైన్లను అచ్చుకు పనికొచ్చేలా చేయడం. వాట్సాప్‌లో పది చేతులు మారి నలిగిపోయిన ఫొటో తెచ్చి, దీన్ని గోడంత పెద్దది చెయ్యమంటారు. ఫోనులో తామే కార్డు తయారు చేసుకొచ్చి, అంచు దాకా బొమ్మ పెట్టి, కటింగుకు జాగా వదలరు. ఆయన ఒక్క మాట అనకుండా అన్నీ సరిచేసేవాడు. నాలుగు పక్కలా మూడు మిల్లీమీటర్లు పెంచేవాడు. అక్షరాలు వేరే కంప్యూటర్లో చెదిరిపోకుండా బొమ్మలుగా మార్చేవాడు. స్క్రీను రంగులను సిరా రంగుల్లోకి దించేవాడు. పెళ్లికూతురి ముఖం అయితే నూటికి పసుపు సిరా యాభై అయిదు, మెజెంటా నలభై అయిదు, సయాన్ ఇరవై. అంకెలు చూసి కొట్టేవాడు, స్క్రీను వైపు సరిగా చూసేవాడే కాదు. అచ్చయి వస్తే ముఖాలు నిగనిగలాడేవి. వేరే ప్రెస్సుల వాళ్లు కూడా ఫైలు పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

కంటికి తెలియని రంగును అంకెలతో పట్టుకుంటున్నాడని ఇరవై ఆరేళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

అంకెలు సాయం చేయనిది ఒక్కచోటే. ఏ పని అయినా మిషను మీద ఎక్కాక మొదటి షీటు తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాలి. ఆయన చూసి మూల మీద సంతకం పెడితేనే మిగతావి తిరుగుతాయి. స్క్రీను మీద అంకెలుంటాయి, కాగితం మీద ఏముంటాయి? పైగా మా ఊళ్లో పెళ్లి పత్రికలో నల్ల అక్షరం పడకూడదు. నలుపు చావు పత్రికకు. చాలా పెళ్లి పత్రికలు ఒకే రంగులో, ముదురు ఎరుపులో పోతాయి. ఒకే రంగు పనికి ఫైలులో అంతా నలుపుగానే ఉంటుంది, ప్లేటు కూడా ఒక్కటే. మిషనులో ఏ సిరా పోస్తే ఆ రంగు. పొద్దున ఎవరిదో పదహారో రోజు కర్మ పత్రిక తిరిగిన మిషనులోనే, రోలర్లు కడిగి, మధ్యాహ్నం పెళ్లి పత్రిక తిప్పుతారు. ఆ రెంటికీ తేడా కనిపెట్టాల్సిన మనిషికి ముదురు ఎరుపు, నలుపు ఒకటే. దేవుడికి వేరే పని లేదనుకుంటాను.

అందుకని ఆయన ఒక దారి పెట్టుకున్నాడు. షీటు తీసుకుని కౌంటరు దగ్గర వెలుతురులోకి వచ్చేవాడు.

"ఏమ్మా లోకేశ్వరీ, ఎట్లుండాది?" అని ఊరికే అడిగినట్టు అడిగేవాడు.

"ఎరుపు చక్కగా వచ్చిందన్నా" అనో, "కొంచెం పలచగా ఉందన్నా" అనో నేను అనేదాన్ని. ఆయన తల ఊపి, లోపలికి పోయి, సంతకం పెట్టేవాడు. పెద్ద పనివాడు నన్ను అభిప్రాయం అడుగుతున్నాడని మొదట్లో పొంగిపోయాను. నాకంటే ముందు బైండింగులో అంబుజం అనే పెద్దావిడను ఇలాగే అడిగేవాడట. ఆమె చచ్చేదాకా పొంగిపోయే ఉంటుంది.

మా పిల్లకు జ్వరం వచ్చి మూడు రోజులు సెలవు పెట్టాను. తిరిగొచ్చేసరికి మూడు పనులు మిషను మీదే ఆగి ఉన్నాయి. తలనొప్పి అని ఆయన ఒక్క షీటు మీద కూడా సంతకం పెట్టలేదట. నేను చెప్పులు విడిచీ విడవక ముందే మూడు షీట్లూ పట్టుకొచ్చి, "ఎట్లుండాయమ్మా?" అన్నాడు. అప్పుడు తట్టింది. ఆ మధ్యాహ్నం, "అన్నా, ఆ ఎర్ర పెన్ను ఇటివ్వు" అన్నాను. డబ్బాలో ఒకే కంపెనీవి ఎరుపూ నలుపూ పెన్నులు పక్కపక్కన ఉన్నాయి. ఆయన రెండూ తీసి, తిప్పి, వాటి మీది అక్షరాలు చదివి, ఒకటి నా చేతికిచ్చాడు.

సరైనదే ఇచ్చాడు. నాకు జాలి కలగాలి కదా? కలగలేదు. నాలుగేళ్లుగా నా కళ్లు అరువు తీసుకుని, పేరు తను సంపాదించుకుని, మెత్తటి కుర్చీలో కూర్చున్నాడన్న కోపం వచ్చింది. పని అంతా ఆయన వెనక నిలబడి చూసి నేర్చుకున్నాను కదా, ఆ అంకెలు నేనూ కొట్టగలను అనిపించింది. నేర్పింది కూడా ఆయనే. అడిగినదల్లా విసుక్కోకుండా చెప్పాడు.

మర్నాడు రాఘవన్ గారి చెవిలో వేశాను. ఆయన నవ్వేశారు. "ఏంది నువ్వు సెప్పేది? వాడికి రంగు తెలీదా? ఊరంతా వాడి కాడికే వస్తాండారు" అన్నారు.

"చూపిస్తాను. నిజమైతే ఆ కుర్చీ నాకిస్తారా?"

ఆయన నవ్వు ఆపారు. "నిజమైతే వాడిని పెట్టుకోని ఏం సేసేది? నువ్వే కూర్చో" అన్నారు.

మిషను తిప్పే వెట్రివేల్‌కు ఈ సంగతి పంచదారలా అనిపించింది. వెంట్రుకవాసి అక్షరం పక్కకు జరిగిందని కార్తికేయన్ అన్న అతని షీట్లు ఎన్నిసార్లు వెనక్కి పంపాడో లెక్కలేదు. ముగ్గురం అనుకున్నాం. ఒక్క షీటు. రోలర్లు కడగకుండా, నల్ల సిరాతోనే, ఒకే ఒక్క పెళ్లి పత్రిక.

ఆవణి నెల పెళ్లి ముహూర్తాల పనులు ముమ్మరంగా ఉన్న రోజులు. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు, ఏంబలం రైతు చెల్లప్పన్ తన కూతురి పత్రిక మిషను ఎక్కిందా లేదా చూసిపోదామని వచ్చి వాకిట్లో బెంచీ మీద కూర్చున్నాడు. అతను వస్తాడని మేము అనుకోలేదు. వచ్చాక ఆపాలని కూడా అనుకోలేదు. వెట్రివేల్ షీటు తెచ్చి లోపల ఇచ్చాడు. అలవాటు ప్రకారం కార్తికేయన్ అన్న దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మూల సరిగా ఉందా అని వేలితో తడిమాడు. తమిళ అక్షరాలన్నీ ఒకసారి చదివాడు. పేర్లు, నక్షత్రాలు, మండపం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ నల్లగా ఉన్నాయి.

"ఏమ్మా లోకేశ్వరీ, ఎట్లుండాది?"

రాఘవన్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో నా కాళ్లు గుర్తొచ్చాయి, పాపం ఆయన ముఖం గుర్తు రాలేదు.

"బాగుందన్నా. ఎరుపు నిండుగా దిగింది" అన్నాను.

ఆయన అక్కడే కౌంటరు మీద పెట్టి సంతకం చేశాడు. ఆర్. కార్తికేయన్ అని గుండ్రటి అక్షరాలతో, తేదీ వేసి మరీ చేశాడు.

"ఒక నిమిషం" అన్నారు రాఘవన్ గారు. "ఇది ఏం రంగు, కార్తీ?"

"మెరూన్, ముదలాళీ."

వెట్రివేల్ పడీపడీ నవ్వాడు. చెల్లప్పన్ లేచి వచ్చి షీటు లాక్కుని చూశాడు. తన బిడ్డ పేరు నల్లటి అక్షరాల్లో చూసి తిట్లు లంకించుకున్నాడు. తమిళంలో అతను తిట్టిన తిట్లు నేను రాయను. నా కూతురికి తాళి పడకముందే పాడె కడతావా, నీ ఇల్లు దుబ్బయిపోను, నీ చేతులు పడిపోను అన్నంత వరకు రాయగలను. షీటును నాలుగు ముక్కలుగా చింపి ఆయన ముఖం మీద కొట్టాడు. అది ఒక్క షీటేనని, మిగతావి ఎరుపులోనే తిరుగుతాయని అతనికి చెప్పింది ఎవరు? ఎవరూ చెప్పలేదు. కోపం చల్లారాక చెప్పొచ్చులే అనుకున్నాం.

కార్తికేయన్ అన్న వంగి ముక్కలు ఏరుకున్నాడు. ఒక ముక్కను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎంత తిప్పితే ఏం కనపడుతుంది?

తర్వాత ఆట మొదలైంది. వెట్రివేల్ తన లుంగీ అంచు పట్టుకుని, "ఇది ఎన్న కలర్ణా?" అన్నాడు. బైండింగులోంచి ఆడవాళ్లు వచ్చారు. ఒకామె తలలోంచి కనకాంబరాలు తీసి ముందు పెట్టింది. ఇంకొకామె కరివేపాకు రెమ్మ, ఎండుమిరపకాయ పక్కపక్కన పెట్టింది. ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. బడిలో పంతులు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, ఆలోచించి మరీ చెప్పాడు. ఆకారం చూసి చెప్పినవి సరిపోయాయి. సరిపోయినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. తప్పు చెప్పినప్పుడల్లా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నామీద అనుమానం వస్తుందేమోనని నవ్వానని ఇంటికి పోయి సర్దిచెప్పుకున్నాను. నిజానికి నవ్వొచ్చే నవ్వాను.

"ఇన్నేండ్లు ఎట్లరా మోసం సేసినావు?" అన్నారు రాఘవన్ గారు, గుమ్మంలోంచి అంతా చూసి కూడా, చెల్లప్పన్ వినాలని. "షీటు ఎవురికన్నా సూపిచ్చి అడిగేదుండాదా, లేదా?"

ఇక అయిపోయాననుకున్నాను. ఇప్పుడు నా పేరు చెబుతాడు. ఈమె ఎరుపు అంది కదా అంటాడు. చెల్లప్పన్ ఇంకా అక్కడే ఉన్నాడు.

"లేదు ముదలాళీ. ఎవుర్నీ అడగలేదు. నేనే సూసినా, నేనే పెట్టినా" అన్నాడు కార్తికేయన్ అన్న. నా వైపు చూడను కూడా లేదు.

రేపటి నుంచి రావద్దన్నారు. ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషిని పంపడానికి ఆ రెండు మాటలు సరిపోయాయి. ఆయన కంప్యూటరు ఆపలేదు. తెరిచి ఉన్న ఫైలులో అక్షరాలు ఇంకా బొమ్మలుగా మార్చలేదని, అది మార్చి, దాచిపెట్టి, ఆ తర్వాత లేచాడు. టిఫిను డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. గేటు దాటుతుంటే వెట్రివేల్ వెనక నుంచి, "అన్నా, సిగ్నల్లో ఎర్ర లైటు, చూసి దాటు" అని అరిచాడు.

సాయంత్రం ఆరు గంటలకు నేను బస్టాపుకు పోయేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. కడలూరు రోడ్డు బస్సులు మూడు వచ్చి పోయుంటాయి ఆ లోపు. నాకోసమే ఆగాడని అర్థమైంది. కొడతాడనుకున్నాను. నలుగురిలో నిలదీస్తాడనుకున్నాను. రెండూ నాకు తగినవే.

ఆయన దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"నీకూ కనపడదా, అమ్మా?"

నాకు అర్థం కాలేదు.

"నల్లదాన్ని ఎరుపంటివే. మద్యానం నుంచీ అదే తలుసుకుంటా ఉండా. అప్పుడే తెలిసిపోయె. నీకూ నా మాదిరే ఉండాది. ఇన్నాళ్లూ ఎట్ల సెబుతాంటివో ఏమో, పాపం. అంచనా మీద సెప్పేసేదానివా?" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "బయపడబాక. అందుకే నీ పేరు తియ్యలేదు. నాకు జరిగింది సాలు, ఆడకూతురువి, అందురూ సేరి ఆ ఆట నీతో ఆడితే నువ్వు తట్టుకోలేవు."

నేను అబద్ధం చెప్పి ఉంటానన్న ఆలోచన ఆ మనిషికి రానే లేదు. అంత దూరం ఆయన బుర్ర పోదు. కావాలని చేశానన్నా, ఇప్పుడే, ఇక్కడే చెప్పేయాలి అనుకున్నాను. నోటి దాకా వచ్చింది. చెబితే రేపు ఆ కుర్చీలో ఎలా కూర్చుంటాను?

"అవునన్నా. నాకూ కనపడదు" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. తిట్లు తిని, పని పోగొట్టుకుని, ఎండుమిరపకాయ ముందు నవ్వులపాలైన అదే రోజున ఆ ముఖంలో అంత సంతోషం ఎలా వచ్చిందో చెప్పలేను. పుట్టినప్పటి నుంచి ఈ లోకంలో తనలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారని ఆయనకు తెలియదు. నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నన్ను తీసేసినారు గదా, ఆ పని నీకే ఇస్తారు. వొద్దనబాక. అంకెలుండాయి, అవి నిన్ను మోసం సెయ్యవు. మొదటి షీటు కాడ మాత్రం వొంటిగా సంతకం పెట్టబాక. ఒక మంచి మనిషిని సూసి పెట్టుకో. నేను నిన్ను పెట్టుకోలేదా, అట్ల."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మర్నాడు తొమ్మిదింటికి ఆ కుర్చీలో కూర్చున్నాను. కాళ్లకు హాయిగా ఉంది.