అన్నిటికీ ఒకటే సీసా

రిటైరైన కండక్టరుకు ఇంట్లో ఊపిరాడదు. ఏళ్ళ తరబడి ‘ముందుకు జరగండి, ముందుకు జరగండి’ అని అరిచిన నోటికి ఇక జరపడానికి భార్య ఒక్కతే మిగిలింది. ఆవిడేమో జరిగే రకం కాదు. అందుకని మన కండక్టరు నిమ్మతొక్కల మీద పడ్డాడు.

జ్యూసు కొట్టువాడు పారబోసే తొక్కలు సంచిలో వేసుకొచ్చి, జాడీలో కుక్కి, మునిగేదాకా వెనిగర్ పోసి స్నానాలగది కిటికీలో పెట్టేవాడు. రంగు దిగాక పాత చొక్కా గుడ్డలో వడగట్టి ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో నింపేవాడు. సీసా మెడకు దారంతో అట్టముక్క కట్టేవాడు. ఆ అట్టకు కన్నం తన పాత టికెట్ పంచ్‌తోనే కొట్టాలి, మేకుతో పొడిస్తే ఒప్పుకోడు. అట్ట మీద గుండ్రటి అక్షరాలతో ‘అన్నిటికీ’ అని రాసేవాడు.

అన్నిటికీ అంటే వేటికని భార్య ఒకసారి అడిగింది. అన్నిటికీ అంటే అన్నిటికీనేనని చెప్పి, ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు. ఆవిడ ముక్కు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బిల్డింగులో ప్రతి ఇంటికీ ఊరికే పంచేవాడు. కొట్లో కొనే నేల తుడిచే మందు సీసాలో ఉండేది నీళ్ళూ, రంగూ, పైన ఓ నవ్వే అమ్మాయి బొమ్మా అంతేనని ఉపన్యాసం ఇచ్చేవాడు. మెట్ల మీద కుర్రాళ్ళు ‘తొక్కల సైంటిస్టు’ అని చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఆయనకు వినిపించేది మాత్రం సైంటిస్టు అన్న మాట ఒక్కటే.

మూడో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ హాల్లో కొత్తగా తెల్లటి పాలరాయి పరిపించింది. చదువుకున్న మనిషి, ఆవిడ మెప్పు పొందితే ఆ దర్జాయే వేరు. మామూలుగా అయితే సీసాలో సగం నీళ్ళు కలిపేవాడు. ఆవిడకి కదా అని చుక్క నీళ్ళు కలపకుండా చిక్కగా నింపి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ సీసాను పనిచేసే అమ్మాయి చేతికిచ్చింది.

ఆ అమ్మాయి ఆ బిల్డింగులో నాలుగిళ్ళలో పని చేసేది. చిన్నప్పుడు ఆమె బడిసంచీతో బస్సు వెంట పరుగెత్తుకొస్తుంటే మన కండక్టరు బెల్లు కొట్టి ఆపేవాడట. అప్పటినుంచీ ఆయన ఆమెకు బాబాయే. బిల్డింగంతా కలిపినా ఆయన్ని అలా పిలిచేది ఆమె ఒక్కతే.

కొన్నాళ్ళకు డాక్టరమ్మ కబురు పెట్టింది. ఇలాంటివి మీకు బాగా తెలుసు కదా, ఒకసారి చూసి చెప్పమంది. ఆ మాటతోనే సగం ఉబ్బిపోయి వెళ్ళాడు. కిటికీ వెలుతురులో నేల చూశాడు. గుడ్డ తిరిగిన మేరంతా మెరుపు పోయి, ఆవిరి పట్టిన అద్దంలా ఉంది. మోకాళ్ళ మీద వంగి వాసన చూశాడు. నిమ్మ. మూలన ఆయన సీసా, దాని మెడలో ఆయన అట్ట. ఆయన ఇంట్లో ఉన్నవి టైల్స్. పాలరాతి మీద తన మందు ఏం చేస్తుందో ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

“బాత్రూమ్ ఆసిడ్ పోసి తుడిచిందని నా అనుమానం. ఏమంటారు?” అంది డాక్టరమ్మ.

పనిచేసే అమ్మాయి గుమ్మంలో తడిగుడ్డ పట్టుకుని ఆయన వైపే ధైర్యంగా చూస్తోంది.

“అలాంటిదే ఏదో పడినట్టుంది,” అన్నాడు.

ఆ పూటే ఆమెను మానిపించేశారు. నేల పాడుచేసిందన్న మాట మెట్లు దిగి మిగతా ఇళ్ళకూ చేరింది. అక్కడా రావద్దన్నారు.

కండక్టరుకు అన్నం సయించలేదు. తన మందు కాదేమో, నిజంగానే ఆ పిల్ల ఆసిడ్ పోసిందేమోనని మనసు ఒక పక్క వకాల్తా పుచ్చుకుంది. రిటైరైన రోజున డిపో వాళ్ళిచ్చిన పాలరాతి పెన్నుల స్టాండు షోకేసులోంచి తీశాడు. దాని మీద తన మందు కాస్త పోసి, ఆగి, తుడిచాడు. తెల్లటి మచ్చ మిగిలింది. ఎంత రుద్దినా పోలేదు. మచ్చ కనబడకుండా గోడవైపు తిప్పి పెట్టాడు.

మర్నాడు ఆ అమ్మాయే వచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

“బాబాయ్, మీరొక్క మాట చెప్పండి. మీరిచ్చిన సీసా తప్ప నేనింకేం వాడలేదు. అది మంచిదని మీకు తెలుసుగా. మీరు చెప్తే వింటారు.”

ఆయన తలెత్తలేకపోయాడు. చూద్దాంలే అని గొణిగాడు. ఆ మాటకే ఆమె దణ్ణం పెట్టి వెళ్ళింది. తిట్టినా బాగుండేది.

భార్య షోకేసు దగ్గరికెళ్ళి స్టాండును మళ్ళీ ఇటు తిప్పింది. ఆవిడ ఎప్పుడు చూసిందో ఏమో.

“టికెట్టు కొట్టడం మరిచింది మీరైతే, బస్సులోంచి ఆ పిల్లని దింపేస్తారా?” అంది.

సాయంత్రం స్టాండు చంకలో పెట్టుకుని ఆ అమ్మాయిని పిలుచుకుని మూడో అంతస్తుకు వెళ్ళాడు. స్టాండు బల్ల మీద పెట్టి మచ్చ చూపించాడు.

“ఆసిడ్ కాదమ్మా. పాడుచేసింది నా సీసా. ఈ పిల్ల తప్పేం లేదు.” అక్కడితో ఆపేయొచ్చు. ఆపేద్దామనే అనుకున్నాడు. పక్కన ఆ అమ్మాయి మొహం వికసించడం చూసి ఆపలేకపోయాడు. “ఆ రోజు వంగి చూసినప్పుడే నాకు తెలిసిపోయింది.”

డాక్టరమ్మ రేపటినుంచి రమ్మని ఆ అమ్మాయికి చెప్పింది, మిగతా ఇళ్ళలోనూ తనే మాట్లాడతానంది. మూలనున్న సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి ముందు నడిచింది. సీసాదే తప్పన్నప్పుడు వికసించిన ఆమె మొహం ఆ చివరి మాటకే మారింది. ఆయన వెనకనుంచి, కోపం వచ్చిందా అమ్మా అని అడిగాడు.

ఆమె ఆగి పక్కకు తప్పుకుని దారిచ్చింది.

“పర్లేదు సార్,” అంది.

ఆయన ముందుకు జరగలేక ఆ మెట్టు మీదే నిలబడిపోయాడు.