దారింకా పిన్ని చెప్పని ముగింపులు

దారింకా పిన్ని కథకి ముగింపు చెప్పదు. చంపినా చెప్పదు. రచయితల కథల్ని సినిమాలకీ సీరియళ్ళకీ ఇప్పించేవాళ్ళు మా బెల్‌గ్రేడ్‌లో ఓ పాతికమంది ఉంటారు. వాళ్ళంతా కాగితాల కట్టలు మోసుకుని తిరుగుతారు. పిన్ని చేతిలో ఒక గొడుగు, నోట్లో ఒక కథ, అంతే. నిర్మాతకి ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చెప్పుకొస్తుంది. సరిగ్గా అవతలివాడి ప్రాణం గొంతులోకొచ్చే చోట ఆపి, గొడుగు తీసుకుని లేస్తుంది.

"తర్వాత?" అంటాడు నిర్మాత.

"తర్వాతది సంతకం తర్వాత."

పోనీ సంతకం పెట్టాక చెబుతుందా అంటే అదీ లేదు. "ఆఖరి భాగం తీసేటప్పుడు చూద్దాం లెండి, ఇప్పట్నుంచీ తొందరేం?" అంటుంది. ఈలోగా సదరు నిర్మాతకి నిద్ర ఉండదు, భోజనం సయించదు, పెళ్ళాం మీద ఊరికే విసుక్కుంటూ ఉంటాడు.

నా పేరు రాస్త్కో. రాసేవాళ్ళందరికీ పిన్ని అయిన ఆవిడ దగ్గరికి నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. తేనెటీగలు పెంచుకునే ముసలాడి మీద ఒక కథ రాసి పట్టుకెళ్ళాను. లిఫ్టు పనిచెయ్యని మేడలో నాలుగో అంతస్తు. నేను ఆయాసం తీర్చుకునేలోగా ఆవిడ కథ చదివేసింది. "కూర్చో రాస్త్కో, నీ కథ ఎలా ఉందో చెప్తా" అని మొదలుపెట్టింది. నా మాటలే. ఒక్కటి కలపలేదు, ఒక్కటి తీయలేదు. అయినా నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ముసలాడు తేనెపెట్టె మూత మీద చెయ్యి వేసిన చోట ఆపేసింది.

"తర్వాతేమైంది పిన్నీ?" అన్నాను ముందుకి వంగి.

"ఓరి నీ దుంప తెగ! రాసింది నువ్వు కాదట్రా?"

నిజమే, నేనే. ఆ క్షణానికి గుర్తు రాలేదు. ఆ రోజు నుంచీ నాకు ఆవిడంటే గౌరవం కాదు, భక్తి. అక్కడే ఉండిపోయాను. ఆవిడ ఒప్పించిన కథల్ని సన్నివేశాలుగా కోసి, సీరియల్ భాగాలుగా కుట్టడం నా పని. పద్దెనిమిదేళ్ళు అయింది.

ఒకసారి పిన్నికి కడుపులో రాళ్ళు పడి ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. బల్ల మీద పడుకోబెడితే ఊరుకుంటుందా? పెద్ద డాక్టరుకి, పర్వతాల్లో తప్పిపోయిన పోస్ట్‌మాన్ కథ ఎత్తుకుంది. పోస్ట్‌మాన్ గుడిసె తలుపు తట్టాడు, లోపల్నించి అడుగుల చప్పుడు వినిపించింది... అంతే, మత్తు మందు పనిచేసి పిన్ని నిద్రపోయింది. ఆ డాక్టరు నాతో తర్వాత అన్నాడు: "ముప్పై ఏళ్ళ సర్వీసులో నేనింత జాగ్రత్తగా ఎవరికీ కుట్లు వెయ్యలేదు బాబూ. ఈవిడకేమన్నా అయితే ఆ తలుపు తీసిందెవరో నాకెవరు చెప్తారు?" పిన్ని కళ్ళు తెరిచేసరికి ఆయన మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "తలుపు తీసిందెవరమ్మా?" అన్నాడు. "సీరియల్ వస్తుంది, చూడండి" అంది పిన్ని, మళ్ళీ కళ్ళు మూసుకుంటూ.

మాంసం కొట్టు ఆయనైతే ఆరేళ్ళుగా ఆవిడకి మంచి ముక్కలే కోసి ఇస్తున్నాడు. ఆరేళ్ళుగా ఆయనకి ఒక్క ముగింపు కూడా ముట్టలేదు.

ఇలాంటి మనిషి చేతిలో బొగొసావ్ గారి పంటు కథ పడింది.

బొగొసావ్ గారు డాన్యూబ్ నది ఒడ్డున కాపురముంటున్న డెబ్బై రెండేళ్ళ పెద్దమనిషి. రేవు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన రాసింది వాళ్ళ నాన్న కథ, పెదనాన్న కథ. అన్నదమ్ములిద్దరూ కలిసి జనాన్ని నది దాటించే ఒకే పంటు నడిపేవారు. తమ్ముడు ఇంజను నడిపే సరంగు, అన్న టికెట్లు కోసేవాడు. ఏదో మాటా మాటా వచ్చి ముప్పై ఏళ్ళు పలకరింపుల్లేవు. అదే పంటు, అదే నది, రోజుకి పన్నెండు సార్లు అటూ ఇటూ. ఏం చెప్పుకోవాలన్నా ప్రయాణికుల నోటి మీదుగానే. "అమ్మా, ఆ ఇంజను దగ్గరున్న మనిషితో బయల్దేరొచ్చని చెప్పండి." "బాబూ, ఆ టికెట్ల మనిషితో గాలి ఎక్కువగా ఉందని చెప్పు." చివరికి నది మీద వంతెన కట్టారు. వంతెన తెరిచిన రోజున ఊరంతా అక్కడికి పోయింది. పంటుకి అదే ఆఖరి రోజు. ఒక్క ప్రయాణికుడు లేడు. మాట చేరవెయ్యడానికి మనిషి లేడు.

"తర్వాత?" అన్నాడు గొయ్కో గారు.

గొయ్కో గారంటే టీవీ సీరియళ్ళ నిర్మాత. మనిషి మంచివాడే కానీ ఏ కథైనా ఆఖర్న పెళ్ళి జరగాలి, అకార్డియన్ మోగాలి. లేకపోతే ఆయనకి కథ అయినట్టే ఉండదు. ఒప్పందంలో కూడా ఒక షరతు పెట్టించాడు: డిసెంబరు పందొమ్మిది సాయంత్రంలోగా ముగింపు అందకపోతే తనకి నచ్చిన ముగింపు తను రాయించుకుంటాడు. తేదీ పిన్ని వేసింది. అన్నదమ్ములు ఖాళీ పంటులో ఒకరికొకరు వీపు పెట్టి నిలబడిన చోట కథ ఆపి, పెన్ను చేతిలో పెట్టింది. కథ మత్తులో గొయ్కో గారు తేదీ కూడా చూసుకోకుండా సంతకం గీకేశాడు.

బొగొసావ్ గారు వణికిపోయాడు. "దారింకమ్మా, మా నాన్నా పెదనాన్నా టీవీలో కావలించుకుని ఏడిస్తే, పైన అకార్డియన్ మోగితే, నేనింక మా ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. ఆ వంశంలో ఎవడూ ఎవణ్ణీ కావలించుకోలేదు."

"మీ ముగింపు మీకుండగా మీకెందుకండీ భయం?" అంది పిన్ని.

"అవుననుకో. సాపు రాస్తున్నా. రెండు రోజుల్లో ఇస్తా."

ఆ రెండు రోజులూ ఏడు నెలలు నడిచాయి. నేను తొమ్మిది భాగాలు రాసేశాను. పదోది మిగిలింది. ఎప్పుడడిగినా పిన్ని "సొరుగులో భద్రంగా ఉందిరా, వేళకి ఇస్తా" అనేది. డిసెంబరు పదిహేడున ఇంక ఉండబట్టలేక, ఆవిడ కాఫీ పెట్టుకోవడానికి లేచినప్పుడు సొరుగు లాగాను. ఒక జత ఉన్ని మేజోళ్ళు, నాలుగు గుండీలు, సగం కొరికిన సీమదానిమ్మ పండు. కాగితమన్నది లేదు.

"పిన్నీ! ఇందులో ఏమీ లేదు!"

"ఎవడు తియ్యమన్నాడు నిన్ను?"

"అసలు ముగింపే లేదు కదూ?"

పిన్ని కాఫీ గిన్నె బల్ల మీద పెట్టింది. "ఉందిరా. బొగొసావ్ గారి దగ్గరే ఉంది. ఆ సంగతి ఆయనకే ఇంకా తెలీదు."

"ఆయన సాపు రాస్తున్నానంటాడే!"

"ఏం రాస్తాడ్రా? ఆ ఇద్దరూ నిజంగానే మాట్లాడుకోకుండా పోయారు. వాళ్ళ నాన్నకి చేతకానిది ఈయన చేత్తో ఎలా రాయగలడు?" అని, నా వైపు చూసి, "ఎల్లుండి మంచి చొక్కా వేసుకో. గొయ్కో ఇంటికి భోజనానికి వెళ్తున్నాం" అంది.

అప్పుడు వెలిగింది నాకు. డిసెంబరు పందొమ్మిది సెయింట్ నికొలా పండగ. గొయ్కో వాళ్ళ ఇంటి దేవుడు ఆయనే. మా సెర్బుల్లో ఇంటి దేవుడి పండగకి ఎవర్నీ పిలవరు. తలుపు తీసి పెడతారు, వచ్చినవాళ్ళు వస్తారు. వచ్చినవాణ్ణి పొమ్మనకూడదు, వాడితో తగువు పడకూడదు. ఇంటి యజమాని కూర్చోకూడదు. చివరి అతిథి లేచేదాకా నిలబడి వడ్డించాల్సిందే. సెర్బు పుట్టుక పుట్టి తన ఇంటి దేవుడి పండగనాడే గడువు పెట్టుకున్న ఘనుడు గొయ్కో గారొక్కడే. ఆ కథ విన్నవాడెవడైనా అదే పని చేసేవాడు.

ఆ మధ్యాహ్నం గొయ్కో గారింట్లో నలభైమంది దాకా ఉన్నారు. గుమ్మంలో మమ్మల్ని చూడగానే ఆయన మొహం తెల్లబోయింది. అయినా వంగి, "రండి రండి, మా ఇల్లు మీ ఇల్లే" అన్నాడు. ఇంకేమంటాడు పాపం? ప్రసాదం గోధుమలు తలో చెంచా నోట్లో వేసుకుని కూర్చున్నాం. పండగ మాంసం మానేసే ఉపవాసాల్లో పడింది కాబట్టి అంతా చేపే. చేపల పులుసు, వేయించిన చేప, ఉల్లిపాయతో కాల్చిన చిక్కుడు గింజలు. బొగొసావ్ గారు ఒక మూల ముడుచుకుని, ఉరి తీయబోయేవాడి మొహం పెట్టుకుని పులుసులో చెంచా తిప్పుతున్నాడు.

గొయ్కో గారు పిన్ని పళ్ళెంలో చేపముక్క వేస్తూ చెవిలో అన్నాడు. "దారింకా, పండగ కాబట్టి ఏమీ అనను. సాయంత్రం అయిదు దాటిందో, నా పెళ్ళి నాకు కావాలి."

"అలాగే నాయనా, ఇంకొంచెం పులుసు పొయ్యి" అని పిన్ని పక్కనున్న గొయ్కో వాళ్ళమ్మ వైపు తిరిగింది. ఆవిడకి తొంభై ఏళ్ళు. "అమ్మా, డాన్యూబ్ మీద ఒక పంటు ఉండేదిట..."

అయిపోయింది. నలభై చెంచాలూ ఆగిపోయాయి. వంటింట్లోంచి ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడలకి ఆనుకున్నారు. గొయ్కో గారు పులుసు గిన్నె చేత్తో పట్టుకుని గది మధ్యలో బిగుసుకుపోయాడు. నేను తొమ్మిది భాగాలు రాసినవాణ్ణి, అక్షరం అక్షరం తెలిసినవాణ్ణి, నాకే ఊపిరాడలేదు. వంతెన తెరిచారు. పంటు ఖాళీ. అన్నదమ్ములు ఒకరికొకరు వీపు పెట్టి నిలబడ్డారు.

పిన్ని ఆగింది.

"చెప్పవే తల్లీ, నాకు తొంభై ఏళ్ళు, నీకు పుణ్యముంటుంది!" అంది ముసలమ్మ.

అప్పుడు జరిగింది నేను జన్మలో మరిచిపోను. దారింకా పిన్ని నోరు విప్పి ముగింపు చెప్పడం మొదలుపెట్టింది!

"అన్న గిరుక్కున తిరిగాడు. తమ్ముడూ తిరిగాడు. 'తమ్ముడా!' 'అన్నయ్యా!' అని పరిగెత్తి కావలించుకుని భోరుమన్నారు. ఎక్కడ్నించో అకార్డియన్ మోగింది. ఇంతలో రేవులోకి పెళ్ళివారు..."

"నేననుకున్నదే!" అని గొయ్కో గారు ఎగిరి గంతేశాడు. పులుసు తివాచీ మీద పడింది.

మూల నుంచి కుర్చీ కిందపడిన చప్పుడు. "అబద్ధం!"

బొగొసావ్ గారు లేచి నిలబడ్డాడు. "ఏం మాట్లాడుతున్నావమ్మా! ముప్పై ఏళ్ళు! కావలించుకుంటారా? మా నాన్న కావలించుకుంటాడా? నీకేం తెలుసు మా నాన్న!"

"మరేం చేశాడండీ?" అంది పిన్ని మెల్లిగా. బల్ల కింద నా కాలు తొక్కింది. నేను మూడు కాగితపు రుమాళ్ళు లాక్కుని పెన్ను తీశాను.

"ఏం చేశాడా? ఇంజను ఆపాడు. పంటు దిగాడు. ఒడ్డు మీద నడిచి చుట్టు తిరిగి టికెట్ల గది ముందుకొచ్చి వరసలో నిలబడ్డాడు. వరసలో ఎవరూ లేరు. అయినా నిలబడ్డాడు. టోపీ తీశాడు. 'ఒక టికెట్టు' అన్నాడు. మా పెదనాన్న తలెత్తలేదు. 'ఎక్కడికి?' అన్నాడు. ఆ పంటు వెళ్ళేదే ఒక్కచోటికి. 'అవతలి ఒడ్డుకి' అన్నాడు మా నాన్న. పెదనాన్న టికెట్టు చింపాడు. ఒకటి కాదు, రెండు."

"నిజానికి చెయ్యలేదు. చేసి ఉండాల్సింది" అని బొగొసావ్ గారు కూర్చోబోయాడు. కుర్చీ లేదు. పక్కవాళ్ళు పట్టుకున్నారు.

గొయ్కో గారు భుజం మీద తువ్వాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు. ముసలమ్మ కర్ర ఎత్తింది. "ఒరేయ్ గొయ్కో! ఇందులో ఒక్క ముక్క మార్చావంటే ఇంక ఈ జన్మలో నా చేతి రొట్టె తినవు నువ్వు!"

"మారిస్తే ఒట్టమ్మా!"

పిన్ని నా చేతిలోంచి నేను రాసుకున్న రుమాళ్ళు మూడూ లాక్కుని గొయ్కో గారి పులుసు చేతిలో పెట్టింది. "గడియారం చూసుకో నాయనా. ఇంకా మూడున్నరే" అంది.

మెట్లు దిగుతుంటే బొగొసావ్ గారు నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. పిన్ని ముందు వెళ్తోంది. ఆయన రహస్యంగా అన్నాడు. "నాయనా రాస్త్కో, నీకొక్కడికే చెప్తున్నా. పాపం దారింకమ్మకి వయసు మీద పడుతున్నట్టుంది. ఇన్నాళ్ళూ ముగింపులు దాచి దాచి, తీరా చెప్పాల్సొచ్చేసరికి ఏదో అల్లేసింది. చూశావుగా? సమయానికి నేనున్నాను కాబట్టి ఆవిడ పరువు దక్కింది. ఎవరితోనూ అనకు. మనిషి బాధపడుతుంది."

ట్రామ్ కోసం నిలబడ్డప్పుడు పిన్నికి ఈ సంగతి చెప్పాను. నవ్వు ఆపుకోలేక గొడుగు మీద వాలిపోయింది.

"ఇరవై రెండేళ్ళ కిందట ఆయన మొదటి కథకీ ఇంతేరా" అంది ఊపిరి తీసుకుని. "మహానుభావుడు, ఏది రాసినా ఆఖరి పేజీ దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఒక్క ఈయన ముగింపే దాస్తే, బజార్లో 'ఈయన పూర్తి చెయ్యలేడు' అని ముద్ర వేసేస్తారు. అందుకని అందరివీ దాచడం మొదలుపెట్టా. దారింకాకి తిక్క అనుకున్నారు. అనుకోనీ."

ఒక్క మనిషి తలవంపులు పడకూడదని ఇరవై రెండేళ్ళు ఊరంతటి చేతా తిక్కదనిపించుకుంది! "అయితే పిన్నీ, నా ముగింపులు ఊరికే దాచావన్నమాట. అవి బానే ఉండేవి కదా?" అన్నాను.

పిన్ని నన్ను కింద నుంచి పైకి జాలిగా చూసింది. "నీవి నీ మంచికోసం దాచాన్రా."

ఆ మరుసటి వారం బొగొసావ్ గారు ఆ నాలుగంతస్తులూ ఎక్కి, ఆయాసపడుతూ ఒక సంచీడు అక్రోట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. జ్ఞాపకశక్తికి మంచివిట. అప్పట్నుంచీ ప్రతి గురువారం వచ్చి, ఎన్ని తిన్నావని అడిగి, తొక్కలు లెక్కచూసి మరీ వెళ్తున్నాడు. పిన్నికి అక్రోట్లు గొంతు దిగవు. అయినా ఆయన ఎదురుగా రోజుకి నాలుగు చొప్పున నములుతున్నానని ఒట్టేసి చెబుతుంది. మధ్యలో ఆయన పేరు ఒకటి రెండుసార్లు మరిచిపోయినట్టు కూడా చేస్తుంది. అవన్నీ తినే పని నాది.